మహిళా అభ్యర్థుల ఎన్నికల ఖర్చు విషయమై కేంద్ర న్యాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. మహిళా అభ్యర్థుల ఎన్నికల ఖర్చులో కొంత భాగమైనా ప్రభుత్వమే భరించాలని కోరుతూ మేము ఇదివరకు పలు చోట్ల వినతిపత్రాలు ఇచ్చి ఉన్నాం. ముట్టినట్టు రసీదులు వచ్చాయి గాని జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

మహిళా రిజర్వేషన్ చట్టం 2023 సెప్టెంబరులో వచ్చినప్పుడు మనస్ఫూర్తిగా సంతోషించాం. దాని అమలును జనగణనకూ, నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారని తెలిసి బాధపడినా, ఇన్నేళ్ళు ఆగినవాళ్ళం ఇంకొంత ఆగుదామని సర్దిచెప్పుకున్నాం. కానీ ఆ సీట్లు రేపే చేతికొచ్చినా, వాటిలో నామినేషన్ వేసే స్తోమత ఎందరు ఆడవాళ్ళకు ఉందో దయచేసి ఆలోచించండి.

మా మండలంలో ఒక సోదరి ఐదేళ్ళు సర్పంచిగా చేసింది. శాసనసభ టికెట్ అడగడానికి వెళ్తే, ఊరికి ఆమె ఏం చేసిందని పార్టీ పెద్దలు ఒక్క మాటా అడగలేదు. "ఎంత పెట్టుకోగలవమ్మా?" అన్నారు, అంతటితో మాట అయిపోయింది. భూమి మామగారి పేర ఉంది, ఇల్లు భర్త పేర ఉంది. ఆమె పేర ఉన్నది పొదుపు సంఘం ఖాతా, మెడలో నాలుగు తులాల బంగారం. మగవాడికైతే కాంట్రాక్టరో, వడ్డీ వ్యాపారో ముందుకొచ్చి అప్పిస్తాడు. ఆడమనిషి వెళ్తే "మీ ఆయన్ని పంపించు" అంటాడు. సర్పంచి ఎన్నికలోనూ ఆమెకు జరిగింది ఇదే. నోటు మీద సంతకం భర్తది కాబట్టి, గెలిచాక పంచాయతీ కుర్చీలో కూర్చున్నదీ ఆయనే. సర్పంచుల భర్తల పెత్తనాన్ని సభల్లో తప్పుపట్టే పెద్దలు దాని వెనకున్న ఈ అప్పును ఎందుకు చూడరన్నదే మా ఆవేదన.

మా రాష్ట్రంలో అభ్యర్థి ఖర్చుకు పరిమితి శాసనసభకు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఆ పరిమితిని అందుకోవడమే మాకు అసాధ్యమైతే, పార్టీ చేసే సాధారణ ప్రచారం, స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణాలు ఆ లెక్కలోకే రావు. 2023లో తెలంగాణ శాసనసభలోని 119 స్థానాల్లో గెలిచిన మహిళలు 10 మంది. 2024లో లోక్‌సభలోని 543 మందిలో 74 మంది. డబ్బు ఒక్కటే కారణమని నేను అనను గాని, టికెట్ దగ్గరే ఆగిపోయిన వాళ్ళను కదిపితే ముందు వచ్చే మాట డబ్బే.

ప్రజాధనాన్ని ఎన్నికల ప్రచారానికి వెచ్చించరాదనే వాదన మాకు తెలుసు. అయితే గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులకు ఓటర్ల జాబితాలు ఉచితంగా ఇస్తున్నారు, ఆ పార్టీలకు దూరదర్శన్‌లో, ఆకాశవాణిలో సమయం కేటాయిస్తున్నారు, పార్టీల ఆదాయానికి పన్ను మినహాయింపు ఉంది. ఇవన్నీ ప్రజల సొమ్ములోంచి వెళ్ళేవే. ఇంధనం, ముద్రణ కాగితం, మైకుల వంటివి వస్తు రూపంలో ఇవ్వవచ్చని, ఎన్నికల ఖర్చును ప్రభుత్వం భరించే విషయాన్ని పరిశీలించడానికి వేసిన ఇంద్రజిత్ గుప్తా కమిటీ 1998లోనే చెప్పింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 78బి సెక్షన్ ప్రకారం, ఎన్నికల సంఘాన్ని సంప్రదించి, అభ్యర్థులకు అందించే వస్తువులను కేంద్రమే ఉత్తర్వుతో నిర్ణయించవచ్చు. తలచుకుంటే దారి ఉంది, మంత్రి గారూ.

కాబట్టి ఆ సెక్షన్ కింద మహిళా అభ్యర్థులకు ప్రచార వాహనానికి ఇంధనం, మైకు, కరపత్రాల ముద్రణ అందేలా ఉత్తర్వు ఇవ్వండి. అవి పార్టీ ఆఫీసు ద్వారా కాకుండా నేరుగా అభ్యర్థి చేతికే అందాలి, ఎందుకంటే పార్టీ చేతికి వెళ్ళినది మా దాకా రాదన్న భయం మాకుంది. ఆ సెక్షన్ గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులకే పరిమితం గనుక, స్వతంత్రంగా నిలబడే మహిళలనూ చేరుస్తూ చట్టాన్ని సవరించండి. అభ్యర్థి గెలుపు కోసం పార్టీ పెట్టే ఖర్చుకూ ఒక హద్దు పెట్టండి. ఇవేవీ కుదరవంటే, ఎందుకు కుదరవో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక మాజీ వార్డు సభ్యురాలు,
నల్గొండ జిల్లా, తెలంగాణ