పెన్‌డ్రైవ్ లినక్స్ విషయంలో మేము చేసిన తప్పులు, మార్చుకున్న పద్ధతి

గుంటూరులోని మా ల్యాప్‌టాప్ రిపేరు షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. మీకు దాచకుండా చెప్పవలసిన విషయం ఒకటి ఉంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి గనుక, చక్కగా పనిచేస్తున్న పాత ల్యాప్‌టాప్‌ను మూలన పెట్టడానికి మనసొప్పక మీలో చాలామంది మా దగ్గరకు వచ్చారు. లోపలి డిస్కును ముట్టుకోకుండా విండోస్‌కు బదులు ఉచితంగా వాడుకోగల లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి (అంటే దానితోనే ల్యాప్‌టాప్‌ను నడిపించి) చూపించాము. నచ్చినవారికి, చేసిన మార్పులు చెరిగిపోకుండా సెట్ చేసి, అదే పెన్‌డ్రైవ్‌ను అమ్మాము.

అలా అమ్మి ఉండవలసింది కాదు. పెన్‌డ్రైవ్ సినిమాలు, ఫొటోలు మోయడానికి పనికొస్తుంది గానీ, బ్రౌజర్ క్షణక్షణం రాసే చిన్న చిన్న ఫైళ్లను రోజంతా భరించలేదు. మొదట నెమ్మదిస్తుంది, తర్వాత ఒక రోజు బూట్ కావడమే మానేస్తుంది. కొందరికి సరిగ్గా ఇదే జరిగింది. పెన్‌డ్రైవ్ చూసుకోవడానికే తప్ప రోజూ వాడుకోవడానికి కాదని మేమే ముందు చెప్పవలసింది.

దీనికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టినది ఒక ఉపాధ్యాయురాలి ల్యాప్‌టాప్ విషయం. అది విండోస్ 11 ఉన్న కొత్త యంత్రం. లినక్స్ ఎలా ఉంటుందో చూద్దామని మాత్రమే ఆమె అడిగారు. నాలుగైదు ఐఎస్ఓలు (లినక్స్ లాంటి వ్యవస్థల ఇన్‌స్టాలర్ ఫైళ్లు) ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకునే వెంటాయ్ అనే ప్రోగ్రామ్‌ను మా షాపులో వాడుతున్నాము. నమ్మకమైన సంతకం లేని వాటిని బూట్ కానివ్వని సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు దాన్ని అడ్డుకోవడంతో మా కుర్రాడు బయాస్‌లోకి (ల్యాప్‌టాప్ మూల సెట్టింగుల్లోకి) వెళ్లి సెక్యూర్ బూట్‌ను ఆపేశాడు. లినక్స్ వచ్చింది, ఆమె సంతోషించారు. తిరిగి విండోస్ ఆన్ చేయగానే డిస్కుకు తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) ఉంచే విండోస్ బిట్‌లాకర్ నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగింది. సెక్యూర్ బూట్‌ను మళ్లీ ఆన్ చేస్తే సాధారణంగా సరిపోయేది. కంగారులో అతను ఆ తాళం తెరిచే రహస్యాన్ని దాచుకున్న టీపీఎంనే క్లియర్ చేయడంతో ఇక ఆ కీ తప్ప వేరే దారి లేకుండా పోయింది. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉందన్న సంగతే ఆమెకు తెలియదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు చాలా యంత్రాల్లో అది దానంతట అదే ఆన్ అవుతుంది. పిల్లల మార్కులన్నీ అందులోనే ఉండగా ఆమె మా కౌంటరు ముందు మాట రాక నిలబడిపోయారు. నాలుగు రోజుల తర్వాత, ల్యాప్‌టాప్ కొన్నప్పుడు వాళ్ల అమ్మాయి తెరిచిన ఖాతాలో ఆ కీ దొరికింది. తప్పు కుర్రాడిది కాదు, నేర్పకుండా పనిలో పెట్టిన నాది. ఆమెకు క్షమాపణ చెప్పాను, ఇక్కడ మరోసారి చెబుతున్నాను.

ఇప్పుడు రికవరీ కీ మీ చేతిలో ఉందని చూసుకున్నాకే యంత్రాన్ని ముట్టుకుంటున్నాము. సెక్యూర్ బూట్‌ను ఆపడం లేదు. మింట్, ఉబుంటు, ఫెడోరా అనే లినక్స్ రకాలను విడివిడి పెన్‌డ్రైవ్‌లలో రాసుకుంటే అవి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే బూట్ అవుతాయి. రోజూ వాడదలచినవారికి యూఎస్‌బీ 3.0 కేసులో ఎస్ఎస్‌డీ (రోజువారీ వాడకాన్ని తట్టుకునే వేగమైన డిస్కు) పెట్టి, దాని మీద లినక్స్‌ను పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి ఇస్తాము. ఆ సమయంలో లోపలి డిస్కును ఊడదీసి పక్కన పెడతాము. ఎందుకంటే మింట్ ఇన్‌స్టాలర్ ఒక్కోసారి బూట్‌లోడర్‌ను (ఆన్ చేయగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రామ్‌ను) లోపలి డిస్కులోనే రాసేస్తుంది. అప్పుడు ఎస్ఎస్‌డీ తీసేసి ఆన్ చేస్తే విండోస్‌కు బదులు గ్రబ్ అనే నల్ల తెర ఎదురవుతుంది.

లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్లాక గడియారం ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తే భయపడకండి, ఒక్క కమాండ్‌తో సరిచేస్తాము. అయితే అను ఫాంట్లతో పేజీలు కట్టే డీటీపీ వారికి, ట్యాలీ మీద లెక్కలు రాసేవారికి లినక్స్‌కు మారమని నేను చెప్పను. మీ పని విండోస్‌తో ముడిపడి ఉంది.

మా దగ్గర లినక్స్ పెన్‌డ్రైవ్ కొన్నవారు దాన్ని తీసుకురండి, బిల్లు లేకపోయినా ఫరవాలేదు. అందులో ఇంకా చదవగలిగినవన్నీ కాపీ చేసి ఇచ్చి, డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాము. ఎస్ఎస్‌డీ కావాలంటే ఆ మొత్తాన్ని దాని ధరలో తగ్గిస్తాము. వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు ఛార్జరు కూడా తెచ్చుకోండి, కాపీకి కొంత సమయం పడుతుంది.