ఆయాసాన్ని వయసు ఖాతాలో రాసెయ్యకు

రాజమహేంద్రవరం

ఒరేయ్ మూర్తీ,

మొన్న ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి, "ఏం లేదురా, మెట్లెక్కి వచ్చాను, వయసైపోయింది కదా" అని తేల్చేశావు చూడు, అప్పుడే నాలుగు చీవాట్లు పెడదామనుకున్నాను. ఈలోగా మీ మనవడు ఫోన్ లాక్కున్నాడు. ఎలాగూ ఫోన్లో అయితే నువ్వు మాట మార్చేస్తావు, అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు. చెల్లెమ్మకి కూడా వినిపించు, ఇందులో ఆవిడ సంగతీ ఉంది.

వయసు మాట అబద్ధమని అనను. ఊపిరితిత్తుల సత్తా పాతికేళ్ల లోపే నిండుగా ఉంటుందిట, ముప్ఫై అయిదు దాటాక ఏటా కొంచెం కొంచెం తరుగుతూ వస్తుంది. పక్కటెముకల గూడు బిగుసుకుంటుంది, ఊపిరి లాగే కండరాలు నీరసిస్తాయి. కానీ ఈ తరుగు చాలా నెమ్మది. జబ్బు లేని మనిషికి డెబ్భై ఏళ్లొచ్చినా మామూలు నడకకి అది అడ్డం రాదు. ఒక్క అంతస్తు ఎక్కడానికి రెండుసార్లు రెయిలింగు పట్టుకుని నిలబడుతున్నావంటే దానికి వేరే కారణం ఉండే ఉంటుంది. ఊపిరితిత్తులదే కానక్కర్లేదు. గుండె కావచ్చు, రక్తం తక్కువై కావచ్చు. ఆ తేడా నువ్వూ నేనూ సోఫాలో కూర్చుని తేల్చలేం.

అందుకని ముందు డాక్టరుకి చూపించి, స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తుల సత్తా కొలిచే పరీక్ష, చేయించాలేమో అడుగు. సూదీ లేదు, రక్తమూ లేదు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా బలంగా ఊదమంటారు. ఊదడం అయిపోయిందనుకుంటావు, పక్కనున్న అమ్మాయి "ఇంకా, ఇంకా, ఆపకండి" అని అరుస్తూనే ఉంటుంది. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చింది, మొత్తం ఎంతొచ్చింది అన్నదే వాళ్లకి కావాలి. తర్వాత ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందు పీల్పించి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి మళ్లీ ఊదిస్తారు. నీకు ప్రైవేటు ఖర్చు దండగ అనిపిస్తే మీ హైదరాబాదులోనే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది. ఆ పేరు వినగానే మనవాళ్లకి టీబీయే గుర్తొచ్చి మొహం ముడుచుకుంటారు గానీ, అక్కడ ఆస్తమావాళ్లనీ చూస్తారు, నీలాంటి సిగరెట్ వీరులనీ చూస్తారు.

సిగరెట్ అన్నాను కదా, "రోజుకి రెండేగా, ఈ వయసులో మానేస్తే ఏం ఒరుగుతుంది" అన్న నీ పాత పాట నాకు తెలుసు. లండన్‌లో ఫ్లెచర్, పీటో అనే ఇద్దరు అక్కడి మగవాళ్లని ఏళ్ల తరబడి గమనించి 1977లో ఒక సంగతి తేల్చారు. పొగతాగేవాళ్లలో కొందరికి ఊపిరితిత్తులు మామూలు కంటే చాలా వేగంగా అరిగిపోతాయి. మానేసినంత మాత్రాన పోయింది తిరిగి రాదు, కానీ అక్కణ్ణించి అరుగుదల ఇంచుమించు తాగనివాళ్ల వేగానికి దిగుతుంది. అరవై దాటాక మానేసినా లాభమే అన్నమాట. ఆ రెండూ కూడా పారెయ్.

ఇక చెల్లెమ్మ. ఆవిడ జన్మలో సిగరెట్ ముట్టలేదు. కానీ మీ ఊళ్లో ఉన్నన్నాళ్లూ కట్టెల పొయ్యి, పొట్టు పొయ్యి ముందు కూర్చుని వండింది. మన వైపు చాలా ఇళ్లకి గ్యాసు వచ్చిందే 1999లో దీపం పథకం పెట్టాక. ఆ పొగ ఏళ్ల తరబడి పీల్చిన ఆడవాళ్లకి కూడా పొగతాగేవాళ్లకొచ్చే సీఓపీడీయే, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే మొండి జబ్బే, వస్తుంది. నీ దగ్గంటే ఇల్లంతా హడావిడి, ఆవిడ దగ్గితే "చల్లగాలి పడలేదు". ఇద్దరూ కలిసే వెళ్లండి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ ఉందేమోనని కళ్లె పరీక్ష కూడా చేయించాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, నడక. ఆయాసం వస్తోందని నడక మానేస్తారు. మానేస్తే కాళ్లలో కండ కరుగుతుంది. కండ కరిగితే అదే పనికి ఎక్కువ ఊపిరి కావాలి, ఆయాసం ఇంకా ముందే వస్తుంది. అప్పుడు బాత్రూముకి తప్ప లేవరు. మా వీధిలో ఇలా మంచానికి అతుక్కుపోయినవాళ్లని చూశాను. డాక్టరు సరేనన్నాక నువ్వు రోజూ నడవాలి, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత జోరుగా. ఆయాసం వస్తే ఆగు, తేరుకో, మళ్లీ నడువు. ఆగినప్పుడు ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదుకున్నట్టు పెదాలు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదులు. కంగారులో అందరూ ఇంకా ఇంకా పీలుస్తారు. లోపల పాత గాలి ఇరుక్కుపోయి ఉంటే కొత్తది ఎక్కడికి వెళ్తుంది? మెట్లెక్కేటప్పుడు కూడా అంతే, అడుగు పైకి వేసేటప్పుడు ఊపిరి వదలాలి. చలికాలం తెల్లారుజామున మాత్రం వెళ్లకు. పొగా దుమ్మూ నేలబారున ఉంటాయి. ఎండ పొడ వచ్చాక బయల్దేరు. టీవీ చూసి కపాలభాతి అంటూ మొదలుపెట్టకు, నీకు బీపీ ఉంది.

ఒకవేళ ఇన్హేలర్ రాస్తే "అలవాటైపోతుంది" అని దాన్ని అల్మారాలో దాచకు. ఊపిరి గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ మందే చూడు, మాత్ర 4 మిల్లీగ్రాములైతే, ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములే, అంటే నలభయ్యో వంతు. అదీ నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది. స్పేసర్, అంటే ఇన్హేలర్‌కి తగిలించే గొట్టంలాంటి డబ్బా, పెట్టుకుని వాడు, స్టెరాయిడ్‌దైతే నోరు పుక్కిలించు.

చిన్నవి ఇంకొన్ని. కిటికీలు బిగించి దోమల కాయిల్ వెలిగించే అలవాటు మానెయ్యి. ఒక్క కాయిల్ నుంచి వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్ల పాటి అని కొలిచినవాళ్లున్నారు. దోమతెర కట్టుకో. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా ఏది ఎప్పుడు అన్నది డాక్టరుని అడిగి, మీ ఇద్దరూ వేయించుకోండి. రాత్రి పళ్లు తోముకుని పడుకో, నవ్వకు, వయసులో పొలమారడం ఎక్కువ, నోట్లో క్రిములు కిందికి దిగితే న్యుమోనియానే. అన్నం తినగానే వాలిపోవద్దు కూడా.

పెదాలు నీలంగా మారినా, కూర్చున్నా ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా, కళ్లెలో రక్తం పడినా ఈ ఉత్తరం పక్కన పెట్టి ఆసుపత్రికి పరిగెత్తండి, అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగకండి.

స్పైరోమెట్రీ కాగితాలు ఇద్దరివీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. సంక్రాంతికి వస్తారుగా, గౌతమి ఘాట్ దగ్గర్నుంచి పుష్కర ఘాట్ దాకా నడిపిస్తాను. ఆటో ఎక్కుదామంటే కుదరదు.

నీ
సత్యం