నెల్లూరు కథాపఠన సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

కథ చదవడం పూర్తి కాకముందే అందరం దాని ‘సందేశం’ మీద పడుతున్నామని కిందటేడు సర్వసభ్య సమావేశంలో ఒక ఫిర్యాదు వచ్చింది. అది న్యాయమైనదే కనుక, కథావస్తువు గురించి ఏం చెప్పినా అందుకు ఆధారమైన వాక్యాన్ని చూపించి తీరాలని ఈ ఏడాది కార్యవర్గం నియమం పెట్టింది. కొత్తలో కొందరు నొచ్చుకున్న మాట వాస్తవం.

ఆ నియమం ముందుగా అక్కరకు వచ్చింది గురజాడ అప్పారావు 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ దగ్గర. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరే భర్తను భార్య దిద్దుకోవడమనే వస్తువు అందరికీ తెలిసిందే. శిల్పం, అంటే కథ చెప్పిన నేర్పు, ఎక్కడుందని అడిగితే మాత్రం సభ కాసేపు మౌనం వహించింది. చివరికి ఎత్తుగడలోనే, అంటే కథ ఆరంభంలోనే, దొరికింది. భర్త తలుపు కోసం పిలవడం, తలుపు తీయకపోవడం, గదిలో గడియారం ఒంటిగంట కొట్టడం: ఆలస్యాన్నీ, అతని అపరాధ భావాన్నీ రచయిత వేరే నింద పలకకుండానే ఇవి చెప్పేస్తున్నాయి. ముగింపులో మంచం కింద దాక్కున్న భార్య నవ్వూ, నగల సవ్వడీ వినిపించాక, అంతకుముందు అతడు పలికిన మాటలన్నీ మళ్లీ చదవవలసి వచ్చింది.

పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు ఒక సమావేశం చాలక రెండు కేటాయించాం. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన కథ కనుక, గాలివాన, ఆ రాత్రి రైల్వే స్టేషన్లో ఒక బిచ్చగత్తెతో పాటు చిక్కుకున్న రావుగారి మనసులోని అలజడికి ప్రతీక అని అప్పజెప్పడం సులువు. అయితే 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును కళ్లారా చూసిన సభ్యులు అందుకు అడ్డుపడ్డారు. గాలి రేకులను లేపేసే చప్పుడు చెవిన పడ్డవాడికి అది ముందు గాలే, ఆ తర్వాతే ప్రతీక అని వారి వాదన. కార్యదర్శిగా నేను వారి పక్షమే. బిచ్చం వేయకూడదన్న రావుగారి నియమం వాదనకు లొంగలేదు, చలికీ భయానికీ లొంగింది.

మాట ఇచ్చిన హాలు ఒకసారి పెళ్లివారికి వెళ్లిపోయి, మేడ మీద చాపలు పరుచుకుని కూర్చోవలసి వచ్చింది. జెరాక్స్ ఖర్చుల లెక్కను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

ఇక ‘గాలివాన’ చివర చనిపోయిన బిచ్చగత్తె దగ్గర రావుగారి పర్సు దొరకడం దొంగతనమా, మరేదైనానా అన్న వాదం తెగలేదు. రెండు పక్షాలు చూపిన వాక్యాలనూ మినిట్స్ పుస్తకంలో నమోదు చేశాం.

ఇట్లు,
కార్యదర్శి