వైద్యుడి వ్యాసం కథకుడు చూడాలి, కథ వైద్యుడు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

జనవరి 30న కుష్ఠు వ్యతిరేక దినం సందర్భంగా మీ ఆరోగ్యం పేజీలో ఒక చర్మవ్యాధి నిపుణుడు రాసిన వ్యాసం చదివాను. విషయంలో ఎక్కడా తప్పు లేదు. కానీ ‘స్పర్శజ్ఞానం లోపించిన పాలిపోయిన మచ్చలు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. అదే వారం మీ ఆదివారం సంచికలో వచ్చిన కథలో తమ్ముడి ఆస్తి కాజేసిన అన్నకు చివర్లో కుష్ఠు వస్తుంది. పాపం పండిందని ఊరంతా చెప్పుకుంటారు. రెండూ ఒకే పత్రికలో, నాలుగు రోజుల తేడాతో. డాక్టరు గారు ఆ కథను ముందే చూసి ఉంటే ఆ ముగింపు ఉండేది కాదు. కథ రాసినాయన వ్యాసం చూసి ఉంటే అందులో ఆ పుస్తకాల మాట ఉండేది కాదు. నా బాధ అదే.

నేను శ్రీకాకుళం జిల్లాలో కుష్ఠు నివారణ విభాగంలో పారామెడికల్ ఉద్యోగిగా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. చేరిన కొత్తలో మాకు కట్టలకొద్దీ కరపత్రాలిచ్చి ఊళ్లకు పంపేవారు. వాటిలోనూ ఇదే ‘స్పర్శజ్ఞానం’. జనం తీసుకునేవారు, మడిచి జేబులో పెట్టుకునేవారు. మచ్చ చూపించడానికి మాత్రం ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. పెద్దరోగం అన్న మాట వినపడితే చాలు, తలుపులు మూసుకునేవి.

అప్పుడు మా వైద్యాధికారి ఒక బుర్రకథ దళాన్ని పిలిపించారు. కథకుడు చదివింది అయిదో తరగతి. మా ఆఫీసు బల్ల మీద కరపత్రం పెట్టుకుని రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత, “అంటే చీమ కుట్టినా తెలీని మచ్చ, అంతేనా సార్?” అని అడిగాడు. డాక్టరు గారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కరపత్రంలో ఆ వాక్యం కొట్టేసి పైన ఇదే రాసుకున్నారు.

అయితే దిద్దుబాటు ఒకవైపే జరగలేదు. కథకుడు కట్టుకొచ్చిన మొదటి కథలో ఒక వడ్డీ వ్యాపారికి ఒక ముసలమ్మ శాపం తగిలి కుష్ఠు వస్తుంది. అది వింటే జనం చప్పట్లు కొడతారని ఆయన నమ్మకం, కొట్టేవారు కూడా. డాక్టరు గారు ఆయన్ని క్లినిక్‌కి తీసుకెళ్లి మైక్రోస్కోపులో ఎర్రటి సన్న పుల్లల్లాంటి క్రిములు చూపించారు. 1873లోనే హాన్సెన్ అనే నార్వే వైద్యుడు ఈ క్రిమిని కనిపెట్టాడని, శాపానికీ దీనికీ సంబంధం లేదని చెప్పారు. కథకుడు రెండు రోజులు కూర్చుని కథ మొత్తం మార్చాడు. వడ్డీ వ్యాపారి పోయాడు. ఆ చోట అందరికీ ఇష్టమైన ఒక చాకిరేవు కోడలు వచ్చింది.

బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఉంటాడు కదా, ఆయనది అసలైన పని. జనం మనసులో ఉండి బయటికి అడగలేని ప్రశ్నలన్నీ ఆయనే అడిగేస్తాడు. “మందు మింగితే ఒళ్లు నల్లబడిపోద్దటగా, మరి ఊరంతా చూసి నవ్వరా?” అని గుమ్మెట ఆపి అడిగేవాడు. కథకుడు తంబురా మీద చెయ్యి తీయకుండానే, అది మందు రంగేనని, చికిత్స అయ్యాక కొన్ని నెలలకు దానంతటదే పోతుందని, మధ్యలో మానేస్తే మాత్రం వేళ్లు వంకర పోతాయని చెప్పేవాడు. ఇది నిజం. కుష్ఠుకు కలిపి ఇచ్చే మూడు మందుల్లో (దీన్నే ఎండీటీ అంటారు) క్లోఫాజిమిన్ అనే మందు వల్లే ఒళ్లు నలుపెక్కుతుంది. మేం నెలలపాటు చెప్పినా ఎక్కని సంగతి ఆ రెండు నిమిషాల్లో ఎక్కింది.

ఒకావిడ నాకిప్పటికీ గుర్తుంది. అన్నం గిన్నె చేత్తోనే దించేది. వేళ్లు కాలి బొబ్బలు వచ్చేదాకా ఆమెకు తెలిసేది కాదు. నెలకోసారి మా కళ్ల ముందు మింగాల్సిన మందు మింగేది. మిగతా అట్ట ఇంట్లో తవుడు కుండలో దాచేసేది. ఒళ్లు నల్లబడుతోందని తోటికోడళ్లు అడిగితే భయపడి మానేసిందట. కథ జరిగిన మర్నాడు కొంగు చాటున మూడు అట్టలు పట్టుకొచ్చింది. “బావూ, ఆ కథాయన సెప్పింది నిజివేనా?” అని అడిగింది. తనలాంటి వాళ్లకు అప్పట్లో రెండేళ్ల కోర్సు, ఇప్పుడది ఏడాదే. ఆవిడ మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేసింది. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ఆ కథ మూణ్నెల్లు ముందే ఆ ఊరికి వెళ్లి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఈ జబ్బు అయిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. మన దేశంలో ఇప్పటికీ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద కనిపించే వాటిలో సగానికి పైగా ఇక్కడివే. కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు అడిగే వీలును చట్టంలోంచి తీసేసింది 2019లోనే. కథల్లోంచి మాత్రం శాపం ఇంకా పోలేదు.

నవలా రచయిత కేశవరెడ్డి గారు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి డాక్టరుగా పనిచేశారు. మా విభాగంలో ఆయన పేరు డాక్టరుగానే విన్నాను. ఊరి చివర బతికేవాళ్ల గురించి అంత గొప్ప నవలలు రాశారని రిటైరయ్యాక మా అబ్బాయి పుస్తకం తెచ్చి చేతిలో పెడితే గానీ తెలియలేదు. మేం ఆ పుస్తకాలు పని రోజుల్లోనే చదివి ఉండాల్సింది.

అందుకే అడుగుతున్నాను. నెలకోసారైనా మీ ఆరోగ్యం పేజీనీ సాహిత్యం పేజీనీ ఒకే చోట వేయండి. డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు, కథకులు, కళాకారులు రాసింది అచ్చు కాకముందే ఒకరిది ఒకరికి పంపండి. అది మీకు పెద్ద ఖర్చు కాదు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో మాట్లాడే పద్ధతిని పాఠంగా చెబుతున్నారు, చేరిన కొత్తలో స్థానిక భాష కూడా నేర్పిస్తున్నారు. ఆ క్లాసులకు బుర్రకథ, జముకుల కథ చెప్పేవాళ్లను పిలవమని కాలేజీలకు మీరే రాయండి. కళలు ఆరోగ్యానికి ఎలా పనికొస్తాయో మూడు వేలకు పైగా అధ్యయనాలు పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయం 2019లోనే నివేదిక ఇచ్చింది. మన దగ్గర మాత్రం అలాంటి పని కాగితం మీదకు ఎక్కక ముందే పోతోంది.

మా బుర్రకథ రాసుకున్న నలభై పేజీల నోటుపుస్తకం ఆఫీసు సున్నం వేసినప్పుడు పాత కాగితాలతో పాటు పోయింది. ఆ కథకుడు కూడా ఇప్పుడు లేడు. నాకు సగం దాకా నోటికి వచ్చు. గుర్తున్నంత వరకు రాసి, ఏ మాట డాక్టరుది, ఏ మాట కథకుడిదో పక్కన గుర్తు పెట్టి పంపిస్తాను. మీ దగ్గర ఏ పేజీ వాళ్లకు పంపాలో చెప్పండి.

– విశ్రాంత పారామెడికల్ ఉద్యోగి, టెక్కలి