కమిషనర్ గారూ, నీళ్ళ పొదుపు గురించి నన్ను మాట్లాడమన్నారు

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

నమస్కారం. మొన్న గురువారం మీ ఆఫీసు నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. మార్చి 22న ప్రపంచ జల దినోత్సవం చేస్తున్నారట. నేను వేదిక మీద కూర్చుని, నీళ్ళ పొదుపు గురించి అయిదు నిమిషాలు మాట్లాడాలట. పాపం, చాలా మర్యాదగా పిలిచాడు. "మా వాల్వు సంగతి ఏమైంది బాబూ?" అన్నాను. "ఏ వాల్వండీ?" అన్నాడు.

ఏ వాల్వో మీకు తెలుసు, మా వీధి మొదట్లో నీళ్ళు కారిపోతున్నదే. మర్చిపోయి ఉంటే నాలుగు అర్జీల రసీదులు నా దగ్గరున్నాయి, జిరాక్సు తీసి పంపిస్తాను. జిరాక్సు ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను.

పోయిన జూన్ 5న పర్యావరణ దినోత్సవం నాడు మీరు నాకు శాలువా కప్పారు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోస్తానని, ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళు బకెట్టుకు పట్టి ఇల్లు తుడుస్తానని, పాత ఫ్యాన్లు మూడూ తీసేసి 28 వాట్ల ఫ్యాన్లు పెట్టించానని మైకులో చదివారు. 2000లో ప్రభుత్వం నీరు-మీరు కార్యక్రమం పెట్టి నీళ్ళు ఇంకించమన్నప్పుడు మా మామగారు తవ్వించిన ఇంకుడు గుంతకి ఇప్పటికీ ఏటా మే నెలలో పూడిక తీయిస్తానని కూడా చెప్పారు. అన్నీ నిజమే. కానీ వీటికి శాలువా ఎందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు. మా అమ్మ ఇంతకన్నా పొదుపుగా వాడేది. చేదతో తోడుకున్న నీళ్ళు ఎవరు పారబోస్తారు? ఆవిడకి ఎవరూ ఏమీ కప్పలేదు.

శాలువా భుజం మీద ఉండగానే మొదటి అర్జీ మీ చేతిలో పెట్టాను. మీరు అక్కడే చదివారు. పక్కనున్న ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికిచ్చి "రెండు రోజుల్లో చేయించండి" అన్నారు. మైకు ఆన్‌లోనే ఉంది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ రెండు రోజులు ఎనిమిది నెలలయ్యాయి.

మా వీధి, అంటే మూడో లైను మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, నీళ్ళు వడకట్టే ఫిల్టర్ బెడ్ల నుంచి ఓవర్ హెడ్ ట్యాంకుకు వెళ్ళే పెద్ద పైపు మీద ఉంది ఆ వాల్వు. మోటార్లు ఆడుతున్నంతసేపూ దాని మెడ దగ్గర నుంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి. మోటార్లు రోజుకు ఇరవై గంటలు ఆడతాయని మీ పంపుహౌస్ మనిషే చెప్పాడు. మా వీధిలో రిటైరైన ఫిట్టర్ ఒకాయన వంగి చూసి, "లోపల చుట్టే తాడు అరిగిపోయిందమ్మా, కొత్తది చుట్టి బోల్టులు బిగిస్తే అయిపోతుంది, పూటపని" అన్నాడు. తనే చేస్తానన్నాడు కూడా. మున్సిపాలిటీ ఆస్తి మీద చెయ్యి వేస్తే కేసవుతుందని వాళ్ళావిడ ఆపింది. ఆవిడ మంచి పనే చేసింది లెండి, ఆ విషయంలో మాత్రం మీవాళ్ళు చురుగ్గా ఉంటారు.

నేను ఒకరోజు ఇరవై లీటర్ల బకెట్టు, ఫోను పట్టుకెళ్ళి కూర్చున్నాను. రెండు నిమిషాలకు బకెట్టు నిండింది. అంటే నిమిషానికి పది లీటర్లు, గంటకు ఆరు వందలు, ఇరవై గంటలకు పన్నెండు వేలు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని లెక్క కదండీ. మాకు అందులో సగం వస్తే పండగే, అది వేరే సంగతి. ఆ లెక్కన చూసినా రోజూ 88 మందికి సరిపోయే నీళ్ళు మురిక్కాలవలోకి పోతున్నాయి. ఎనిమిది నెలలకు 28 లక్షల 80 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే 576. నేను బియ్యం కడిగిన నీళ్ళు రోజుకు మూడు లీటర్లు మిగులుస్తాను. మీ వాల్వు ఎనిమిది నెలల్లో పారబోసింది నేను మిగల్చాలంటే రెండు వేల ఆరు వందల ఏళ్ళు అన్నం వండాలి. ఓపిక ఉంది కానీ ఆయుష్షు లేదండీ.

అవి మామూలు నీళ్ళు కూడా కావు. నాగార్జునసాగర్ కుడి కాలువలో అంత దూరం నుంచి వచ్చి, దారిలో అందరి పొలాలూ తడిసాక, కాలువ చివర ఉన్న మన ఊరికి వంతుల ప్రకారం వదిలితే చెరువులో నింపుకున్న నీళ్ళు. వాటికి పటిక వేసి, వడకట్టి, క్లోరిన్ కలిపి, కరెంటు ఖర్చు పెట్టి పైకి పంపుతుంటే దారిలోనే పోతున్నాయి. వచ్చే నెల నుంచి ఆ చెరువులో మట్టం చూసి "పొదుపుగా వాడండి" అని ఆటోలో మైకు పెట్టి తిప్పుతారు. ఆ ఆటో మూడో లైనులోకి వచ్చేటప్పుడు కాస్త నెమ్మదిగా రమ్మనండి, వాల్వు దగ్గర నాచు పట్టి జారుతోంది. దీపావళికి ముందు పాలబ్బాయి అక్కడే స్కూటర్ మీద నుంచి పడ్డాడు. గేదెలు మాత్రం సంతోషంగా ఉన్నాయి.

ఇక మా ఇంటి సంగతి. రోజు మార్చి రోజు నలభై నిమిషాలు కుళాయి వదులుతారు. వీధిలో కనెక్షన్ పైపులన్నీ ఆ బురదలోంచే వెళ్తాయి. సప్లై ఆగి పైపు ఖాళీ అయినప్పుడు ఏ జాయింటు సందులోంచో ఆ బురదనే లోపలికి పీల్చుకుంటుంది. మళ్ళీ వదిలినప్పుడు మొదటి పది నిమిషాలు టీ రంగు నీళ్ళు. పారబోయాలి. మీ చేత శాలువా కప్పించుకున్న మనిషిని, రెండ్రోజులకోసారి పది నిమిషాల నీళ్ళు పారబోస్తున్నాను. మిగిలిన అరగంటలో ప్రెషర్ ఉండదు. అందుకని వీధిలో చాలామంది కుళాయికే మోటార్లు బిగించారు. నేరమని వాళ్ళకీ తెలుసు. పిల్లలకు స్నానాలు చేయించాలి, ఏం చేస్తారు? సన్నటి ధార రావాల్సిన చోట అర హార్స్‌పవర్ మోటారు పెట్టి లాగుతున్నారు. నీళ్ళ కరువు కాస్తా కరెంటు ఖర్చుగా మారింది. మా ఇంట్లో మోటారు బిగించలేదు. మాది చివరి ఇల్లు. కాబట్టి మాకు గాలి వస్తుంది. ఈ నెలలో రెండుసార్లు ట్యాంకరు పిలిచాం, ఏడు వందలు ఒక్కోటి.

రెండో అర్జీ మా వార్డు సచివాలయంలో అమెనిటీస్ కార్యదర్శికి ఇచ్చాను. మంచి కుర్రాడు, ఫొటోలు తీసుకున్నాడు, ఎస్టిమేట్ పెట్టానన్నాడు, బదిలీ అయిపోయాడు. మూడోది సోమవారం మీ ఆఫీసులో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇస్తే మెటీరియల్ రాలేదన్నారు. నాలుగోది కూడా అక్కడే ఇచ్చాను. ఈసారి పదకొండు రోజులకు నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. పరుగెత్తుకెళ్ళి చూశాను. వాల్వు గుంత మీద సిమెంటు పలక వేశారు. పైనుంచి చూస్తే పొడిగా ఉంది, ఫొటో బాగా వచ్చి ఉంటుంది. నీళ్ళు పలక పక్కనుంచి వస్తున్నాయి. ఇప్పుడు లీకుకు పైకప్పు కూడా ఉందన్నమాట.

వీధి దీపాల గురించి ఎక్కువ చెప్పను, మీ టైము వృథా చేయను. మా లైనులో 22 ఎల్ఈడీ దీపాలు దసరా నుంచి పగలూ రాత్రీ వెలుగుతున్నాయి. 18 వాట్లవి. పగటి పన్నెండు గంటలకు దాదాపు అయిదు యూనిట్లు దండగ. నేను వేలు పోసి మార్పించిన మూడు ఫ్యాన్లూ కలిసి రోజుకు రెండు యూనిట్లు ఆదా చేస్తాయి. ఫ్యాన్లు మార్చకుండా ఆ డబ్బుతో మీ వీధి దీపాల స్విచ్చు డబ్బాలో టైమర్ కొనిపెట్టి ఉంటే దేశానికి ఎక్కువ మేలు జరిగేదేమో.

ఇంకో మాట చెప్పాలి. చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఆ పలక పక్కన పొద్దున్నే అయిదింటికి బిందెలు వరసలో ఉంటాయి. కాలవ అవతలి గుడిసెల వాళ్ళు. వాళ్ళకు కుళాయిలు లేవు, ట్యాంకరు పిలిచే స్తోమత లేదు. ఆ లీకే వాళ్ళ కుళాయి. మొన్న నేను ఫొటో తీస్తుంటే ఒకామె, "ఎందుకమ్మా రిపోర్టు చేస్తావు, ఇవి కూడా పోతాయి" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాను. కాబట్టి రేపు ఉన్నట్టుండి మీకు దయ కలిగి వాల్వు బాగుచేయిస్తే, అదే పైపు నుంచి అవతలికి రెండు వీధి కుళాయిలు కూడా వేయించండి. పోతున్న పన్నెండు వేల లీటర్లలో నాలుగో వంతు చాలు వాళ్ళకి.

వాల్వు బాగుచేయించండి. పలక తీసి, తాడు మార్పించండి. ఫొటో అక్కర్లేదు, మనిషిని పంపండి. ఏఈ గారికి తీరిక లేకపోతే మా ఫిట్టరు గారికి ఒక కాగితం మీద పర్మిషన్ రాసివ్వండి చాలు, తాడు మేమే తలా పది రూపాయలు వేసుకుని కొంటాం. ఇంతకన్నా తగ్గి అడగడం నాకు చేతకాదు.

మార్చి 22 సంగతి ఆ అబ్బాయికి ఇంకా ఏమీ చెప్పలేదు. అయిదో అర్జీ పట్టుకుని సోమవారం నేనే వద్దామనుకున్నాను గానీ ఈ సోమవారం మాకు కుళాయి వచ్చే రోజు. చివరి ఇల్లు కదండీ, వదిలి రాలేను. దీన్నే అయిదో అర్జీ అనుకుని రసీదు ఇప్పించగలరు.

ఇట్లు,
మూడో లైను చివరి ఇంటి గృహిణి