బస్తాల లెక్క వద్దు, చివరి కుళాయిలో క్లోరిన్ ఎంతో అడగండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, దిగువన కోనసీమ లంకలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఇలాంటప్పుడు ఎన్ని బస్తాల బ్లీచింగ్ పౌడరు పంపామన్నదే అందరూ అడిగే లెక్క. ఆ పౌడరులో బలం ఎంత ఉంది, ఊరి చివరి కుళాయి నీటిలో క్లోరిన్ ఎంత మిగిలింది అన్నవే మీరు అడగాలని ఈ లేఖ. తుపానో వరదో వచ్చాక అడిగితే లాభం లేదు, వానలకు ముందే అడగాలి.

కొత్త బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది. ఎండ, తేమ, గాలి తగిలేకొద్దీ అది తగ్గిపోయి చివరికి సున్నమే మిగులుతుంది. మూతి విప్పిన బస్తాను తీరప్రాంతపు ఉక్కలో నెలల తరబడి పంచాయతీ ఆఫీసు మూలన పడేస్తే, పౌడరు చూడటానికి తెల్లగానే ఉంటుంది, కాస్త వాసనా వస్తుంది. బలం మాత్రం ఉండదు.

దీని ప్రభావం ఎంతో ఒక లెక్కలో చూడండి. 60,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున వేయాలంటే 120 గ్రాముల క్లోరిన్ కావాలి. 33 శాతం పౌడరైతే దాదాపు 365 గ్రాములు చాలు. అది 15 శాతానికి పడిపోతే 800 గ్రాములు పడుతుంది. వాటర్‌మన్ రోజూ అదే డబ్బాతో కొలిచి వేస్తాడు. పౌడరు బలం సగానికి పడిపోయిందని అతనికి ఎవరూ చెప్పరు.

జిల్లా నీటి పరీక్ష ల్యాబుల్లో థయోసల్ఫేట్ టైట్రేషన్ అనే రసాయన పరీక్షతో పౌడరు బలం కచ్చితంగా తేలుతుంది. ఊళ్లో ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికీ దారి ఉంది. 30 గ్రాముల పౌడరును లీటరు నీటిలో కలిపి తేటదేరనిస్తే, పౌడరు మంచిదైనప్పుడు అది 1 శాతం ద్రావణం. దాని తేట 2 మిల్లీలీటర్లు 20 లీటర్ల ఆర్‌ఓ నీటిలో వేసి వెంటనే క్లోరిన్ కిట్‌తో పరీక్షిస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర చూపాలి. సగమే చూపితే పౌడరు సగమే పనిచేస్తోందన్నమాట.

ఇక కలిపే తీరు. పొడి పౌడరును ట్యాంకు మూతలోంచి గుమ్మరించడం చాలా చోట్ల అలవాటు. అలా చేస్తే నీరంతా సమంగా కలవదు. సున్నం అడుగున పేరుకుంటుంది, వాల్వుల్లోకీ చేరుతుంది. ప్లాస్టిక్ బకెట్‌లో కాసిని నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత నీళ్లు నింపి బాగా తిప్పి, పది నిమిషాలు వదిలేయాలి. పైన తేరిన తేటనే ట్యాంకులో పోయాలి. ఇనుప బకెట్ వద్దు, క్లోరిన్ దాన్ని తినేస్తుంది.

మోతాదు ఎంతన్నదే అసలు చిక్కు. వరద నీటిలో మురుగు, కుళ్లిన ఆకులు, బురద ముందుగా క్లోరిన్‌ను తాగేస్తాయి. మిగిలినదే క్రిముల మీద పనిచేస్తుంది. అందుకే పుస్తకంలో రాసిన మోతాదు నమ్ముకోకుండా అక్కడి నీటితోనే తేల్చుకోవాలి. నాలుగు బకెట్లలో 20 లీటర్ల చొప్పున ఆ నీళ్లు పట్టి, 1 శాతం ద్రావణం వరుసగా 2, 4, 8, 16 మిల్లీలీటర్లు వేసి కలిపి అరగంట ఆగాలి. ఆ తర్వాత ఏ బకెట్‌లో లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో, అలాంటివాటిలో అతి తక్కువ మోతాదు తీసుకోవాలి. నీరు క్షారగుణం ఎక్కువగా ఉండి పీహెచ్ 8కి చేరితే క్లోరిన్ మందకొడిగా పనిచేస్తుంది, అప్పుడు గంట ఆగాలి.

నీరు బురదగా ఉంటే ముందు తేర్చక తప్పదు, ఎందుకంటే మట్టి రేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి. పటిక మోతాదు కూడా ఇలాగే బకెట్లలో చూసుకోవచ్చు. మన పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి తేర్చింది నిజమే, కానీ తేరిన నీళ్లకు కూడా క్లోరిన్ కావాలి.

పరీక్షలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. క్లోరిన్ ఉంటే నీటిని పసుపుగా మార్చే ఓటీ (ఆర్థోటాలిడిన్) ద్రావణం వేశాక మొదటి పది సెకన్లలో వచ్చే పసుపే పనిచేసే క్లోరిన్‌ది. ఆలస్యంగా చూస్తే మురుగులోని అమ్మోనియాతో కలిసిన బలహీనమైన క్లోరిన్ కూడా రంగు చూపి, అంతా బాగుందనిపిస్తుంది. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ ఇంతకన్నా మేలు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్నది నియమం. వరద రోజుల్లో ఆ పరీక్ష వారిచేత రోజూ చేయించండి.

ట్యాంకర్లకు లెక్క తేలిక: 5,000 లీటర్లకు లీటరు 1 శాతం ద్రావణం. నింపుతున్నప్పుడే పోస్తే దారిలో కలిసిపోతుంది, ఊరు చేరేలోపు క్రిములు చావడానికి వ్యవధీ దొరుకుతుంది. మునిగిన చేతిపంపుల్లో ముందు తేట నీళ్లు వచ్చేదాకా కొట్టి, క్లోరిన్ ద్రావణం ఎక్కువ మోతాదులో పోసి, రాత్రంతా వదిలేయాలి. మర్నాడు వాసన పోయేదాకా కొట్టాకే తాగాలి. ఇళ్లకు క్లోరిన్ మాత్ర (ఎన్‌ఏడీసీసీ అనే క్లోరిన్ మందు 67 మిల్లీగ్రాములు ఉన్నది) 20 లీటర్ల తేట నీటికి ఒకటి. ఆశా కార్యకర్త మాత్రలు ఇచ్చి వెళ్లిపోకుండా ఒక బిందెలో వేసి చూపించాలి. క్లోరిన్‌కు లొంగని పరాన్నజీవులూ ఉన్నాయి గనుక, వంట చెరకో గ్యాసో ఉన్నచోట పసిపిల్లలకు కాచిన నీళ్లే ఇవ్వమనాలి.

రోడ్డు పక్కన, కాలువ గట్లమీద ముగ్గులా పౌడరు చల్లడం దయచేసి ఆపించండి. ఆ మట్టిలో క్లోరిన్ త్వరగా ఖర్చయిపోయి సున్నపు గీత మిగులుతుంది. ఆ పౌడరు తాగునీటికి కావాలి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ దగ్గరికి రానివ్వకూడదు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

మేం కోరేది పెద్ద ఖర్చు కాదు. బస్తా మీద తయారీ తేదీ, క్లోరిన్ శాతం తప్పనిసరి చేయండి. ఏడాది సరుకు ఒకేసారి కాకుండా విడతలుగా, గాలి చొరని చిన్న ప్యాక్‌లలో కొనిపించండి. జూన్‌లోపు ప్రతి మండలం నుంచి నమూనా ల్యాబుకు పంపించండి. ప్రతి పంచాయతీకి గ్రాములు తూచే చిన్న కాటా, డీపీడీ కిట్ ఇప్పించండి. వరద రోజుల్లో కలెక్టర్లు మీకు పంపే నివేదికలో బస్తాల సంఖ్య పక్కన మరో గడి పెట్టించండి. అందులో ఊరి పేరు, చివరి కుళాయి దగ్గర క్లోరిన్ అంకె, చూసిన సమయం ఉండాలి. ఆ అంకె లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కన్నా తక్కువైతే అదే రోజు ఇంజనీరు ఆ ఊరు వెళ్లాలని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
తాగునీటి శుద్ధి, పరీక్షల పని తెలిసిన కొందరం