కస్టమ్ హౌస్ స్పీడ్‌వే జ్ఞాపకాల ప్రదర్శన: జమా ఖర్చుల వివరణ

చందాలు ఇచ్చిన వారందరికీ నమస్కారం.

ఇంగ్లీషు లెక్కల కాగితం హాలు తలుపుకు అంటించి మూడు వారాలైంది. ఈస్ట్ హామ్ నుంచి చందా ఇచ్చిన మన తెలుగు కుటుంబాల వారు కొందరు "అంకెలు సరే, డబ్బు దేనికి పోయిందో కాస్త విడమరిచి రాయండి" అన్నారు. న్యాయమైన మాట. వినాయక చవితి చందాకే లెక్క అడిగే వాళ్లం, దీనికి అడగకుండా ఎందుకు ఉంటాం? కోశాధికారిని కనుక ఈ వివరణ నేనే రాస్తున్నాను.

మొత్తం జమ 1,553 పౌండ్లు. ఖర్చు 1,490 పౌండ్లు. నిల్వ 63 పౌండ్లు.

అసలు ఇది ఎందుకు తలపెట్టామో తెలియని వారి కోసం రెండు మాటలు. నేను ఉండేది లండన్ తూర్పు భాగాన, కస్టమ్ హౌస్ ప్రాంతంలో, విల్కిన్సన్ రోడ్డులో. పక్కన యంగ్ రోడ్డు, క్రూంబ్స్ రోడ్డు, అట్కిన్సన్ రోడ్డు, హోస్కిన్స్ క్లోజ్. ఇవన్నీ ఎవరో జమీందార్ల పేర్లనుకుని ఏళ్ల తరబడి తిరిగాను. మా ఇళ్లున్న చోట 1928 నుంచి 1972 దాకా వెస్ట్ హామ్ స్టేడియం ఉండేది. అక్కడ స్పీడ్‌వే, అంటే గుండ్రటి మట్టి ట్రాక్ మీద మోటారు సైకిళ్ల పందెం, జరిగేది. అక్కడి జట్టు పేరు హామర్స్. వీధుల పేర్లు ఆ జట్టు రైడర్లవి. హోస్కిన్స్ మాత్రం జట్టును నడిపినవాడు. 1923లో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మెయిట్‌లండ్ వ్యవసాయ ప్రదర్శనలో మోటారు సైకిళ్ల పందెం పెట్టి ఈ ఆటకు దారి వేశాడని పేరున్నది కూడా ఆయనకే.

ఇక జమ. మా కాలనీలో ఇంటింటికీ తిరిగితే 486 పౌండ్లు వచ్చాయి. ఈస్ట్ హామ్ తెలుగు, తమిళ కుటుంబాలు 255 ఇచ్చాయి. ఊళ్లు మారిపోయిన పాత అభిమానులు బ్యాంకు ద్వారా 410 పంపారు. ప్రదర్శన రోజు తలుపు దగ్గరి డబ్బాలో 173.40 పడ్డాయి. టీ, సమోసా, పులిహోర అమ్మగా 228.60. ఈ చివరి పద్దుకు ఎదురుగా సరుకుల ఖర్చు 131.60 ఉంది కనుక వంటింటి మిగులు 97 పౌండ్లే. వండిన వారు కూలి తీసుకోలేదు.

ఖర్చులో పెద్ద పద్దు ఫొటోలు పెద్దవి చేయించడం, బోర్డుల ముద్రణ: 312.50. ఇందులో 58 పౌండ్లు వృథా ఖర్చు. అది నా తప్పే. జాక్ యంగ్ 1951లోనూ 1952లోనూ వరుసగా ప్రపంచ విజేత. బోర్డు మీద రెండుసార్లూ హామర్స్ రైడరుగానే గెలిచాడని రాయించాను. మా కమిటీలోని ఎనభై రెండేళ్ల పెద్దాయన చూసి కర్రతో బోర్డును తట్టారు. 1951లో యంగ్ ఇంకా రెండో డివిజన్‌లోని ఎడిన్‌బరో జట్టులోనే ఉన్నాడు. రెండో డివిజన్ రైడరు ప్రపంచ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. ఆ ఘనతను నేను లండన్‌కు లాగేశానన్నమాట. మళ్లీ ముద్రించక తప్పలేదు.

ఆ రోజు జనం ఎక్కువసేపు నిలబడ్డది బ్లూయీ విల్కిన్సన్ బోర్డు దగ్గర. లెక్కలు రాసేవాడిని కనుక నాకూ అదే ఇష్టం. 1936 సెప్టెంబరులో వెంబ్లీలో మొట్టమొదటి ప్రపంచ ఫైనల్. రేసుకు నలుగురు, నాలుగు చుట్లు, మొదటివాడికి 3 పాయింట్లు. విల్కిన్సన్ అయిదు రేసుల్లో దిగి అయిదూ గెలిచాడు. 15కు 15. అయినా టైటిల్ రాలేదు. ముందటి రౌండ్లలో సంపాదించిన బోనస్ పాయింట్లను కలపాలన్నది నిబంధన. విల్కిన్సన్‌కు 10 కలిపితే 25 అయ్యాయి. ప్రత్యర్థుల్లో వాన్ ప్రాగ్‌కు ఆ రోజు వచ్చిన 14కు బోనస్ 12, లాంగ్‌టన్‌కు 13కు బోనస్ 13 కలిసి ఇద్దరికీ 26. వాళ్లిద్దరికీ మళ్లీ రేసు పెడితే వాన్ ప్రాగ్ గెలిచాడు. ఆ రోజు జమలో అందరికన్నా ముందున్న మనిషి గత నిల్వ తక్కువై మూడో స్థానంలో నిలిచాడు. రెండేళ్ల తర్వాత, 1938లో, విరిగిన కాలర్ ఎముకకు కట్టు కట్టుకుని మరీ వెంబ్లీలో టైటిల్ గెలిచాడు. 1940లో సిడ్నీలో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

హాలు అద్దె 180, బోర్డుల స్టాండ్లకు అద్దె 96. అరవై కుర్చీలు వేశాం, చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఈ స్టేడియంలో లక్షా ఇరవై వేల మంది పడతారని చెప్పేవారు. అంత మైదానంలో 1930 డిసెంబరులో థేమ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు లీగ్ మ్యాచ్ ఆడితే వచ్చినవారు 469 మంది. దానితో పోలిస్తే మన హాలు కిటకిటలాడినట్టే.

పాత స్పీడ్‌వే బండి ఒకటి తెచ్చి దింపడానికి వ్యాను అద్దె, పెట్రోలు కలిసి 145. బండి ఇచ్చినవారు ఒక మాజీ మెకానిక్, ఏమీ తీసుకోలేదు. లండన్‌లోనే తయారైన జాప్ కంపెనీ ఇంజిను, 500 సీసీ, ఒకే గేరు, మిథనాల్ ఇంధనం. బీమాకు 74 పౌండ్లు. బీమా వారు ఫోనులో బండికి బ్రేకులు బాగున్నాయా అని అడిగారు. లేవన్నాను. పాడయ్యాయా అన్నారు. అసలు పెట్టరన్నాను. చాలాసేపు మాట రాలేదు. బండి కదలదని, ఇంధనం పోయబోమని రాసిచ్చాక కాగితం పంపారు.

శబ్దం రికార్డు చేసే పరికరం కొన్నాం, 118.90. అది కమిటీ ఆస్తి, ప్రస్తుతం మా ఇంట్లో ఉంది. పదకొండు మంది పెద్దల జ్ఞాపకాలు అందులో ఉన్నాయి. అందరూ మొదట చెప్పింది వాసన గురించే. ఆ ఇంజిన్లలో వాడే క్యాస్ట్రాల్ ఆర్ ఆముదంతో చేసిన నూనె. మాడిన ఆముదం వాసన నా చిన్నతనంలో పాలమూరులో తెలుసు. వాళ్లకు అది మంగళవారం రాత్రి, నాన్న చెయ్యి, ట్రాక్ మీది రాయిపొడి పడ్డ టోపీ. ఒకావిడ మాత్రం 1965 గురించే మాట్లాడారు. బ్రిటిష్ లీగ్ మొదలైన తొలి ఏడాదే కెన్ మెకిన్లీ నాయకత్వంలో హామర్స్ లీగ్ గెలిచింది.

పెద్దలను తీసుకొచ్చి దింపడానికి టాక్సీలకు 87. రెండు వందల చిన్న పుస్తకాల ముద్రణకు 164. తపాలా, టేపు, పిన్నులకు 31.

చివరి పద్దు మీద కమిటీలో వాదన జరిగింది. స్పీడ్‌వే రైడర్ల బెనవలెంట్ ఫండ్‌కు, అంటే వారి సహాయ నిధికి, 150 పౌండ్లు పంపాం. చందా అడిగినప్పుడు ఇది చెప్పలేదు కదా అని ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. వారి మాటలో తప్పు లేదు. కానీ ఆ రోజు ఎవరూ ఫొటో తీయకుండా దాటిన బోర్డు ఒకటుంది. 1970 జులై 14. హాలండ్‌లో పోటీలు ముగించుకుని వస్తుండగా బెల్జియంలోని లోకెరెన్ దగ్గర హామర్స్ మినీబస్సు ప్రమాదానికి గురైంది. మేనేజరు ఫిల్ బిషప్, రైడర్లు పీటర్ బ్రాడ్‌షా, గ్యారీ ఎవరెట్, మాల్కమ్ కార్మైకేల్, మార్టిన్ పిడాక్ చనిపోయారు. మెడ ఎముక విరిగిన కోలిన్ ప్రాట్ బతికాడు కానీ మళ్లీ రేసు ఆడలేదు. తర్వాతి ఏడాదితో హామర్స్ కథ ముగిసింది. ఆ బోర్డు ముందు నిలబడ్డాక 150 ఎక్కువనిపించలేదు. ఓట్లు పెడితే అయిదు అనుకూలం, రెండు వ్యతిరేకం. అభ్యంతరం చెప్పిన వారి మాట మినిట్స్‌లో రాశాం.

నిల్వ 63 పౌండ్లు బ్యాంకు ఖాతాలో ఉన్నాయి. ఏం చేయాలన్నది వచ్చే సమావేశంలో చందాదారులే చెప్పాలి. రశీదులన్నీ ఒక ఫైలులో ఉన్నాయి. ఏ ఆదివారమైనా హాలుకు వచ్చి చూడవచ్చు.

మరొక్క విషయం. తలుపు దగ్గరి డబ్బాలో నాణేల మధ్య ఎనామెల్ బ్యాడ్జి ఒకటి దొరికింది. హామర్స్ గుర్తు, కింద సంవత్సరాలు రాసిన మూడు చిన్న పట్టీలు. కావాలని వేశారో చేతి నుంచి జారిందో తెలియదు. దానికి వెల కట్టలేదు, జమలో చూపలేదు. కవరులో పెట్టి పైన తేదీ రాశాను. తమదని చెప్పేవారు ఆ పట్టీల మీది సంవత్సరాలు చెప్పి తీసుకెళ్లవచ్చు.